మునేటికి వేసిన పందిరి

మునేరు పొంగితే మనిషిని ఒక్క రోజే ముంచుతుంది. సాయం చేసినవాడు బతికున్నన్నాళ్ళూ ముంచుతాడు. ఇది జ్ఞానయ్య ఎవరినీ అడిగి తెలుసుకున్న సంగతి కాదు.

ఆరేళ్ళ కిందటి వరదలో అతని గాదె తడిసింది, విత్తనాలు బస్తాల్లోనే మొలకెత్తాయి, గొడ్లపాక కొట్టుకుపోయింది. భార్య లూర్దమ్మతో కలిసి మూడు రోజులు బడి వసారాలో పడుకున్నాడు. రెండో రోజు నందిగామ నుంచి గంజి బండి వచ్చింది. బండి మీద గరిటె పట్టుకుని నిలబడ్డవాడు లూర్దమ్మ తమ్ముడు ప్రేమదాసు. తాలూకా ఆఫీసులో బంట్రోతు. పుట్టిన దగ్గర్నుంచీ ఒకరు పెట్టింది తినడమే గాని ఒకరికి పెట్టిన పాపాన పోలేదు. బావ పళ్ళెం పట్టుకుని వరసలో ముందుకు వచ్చేసరికి వాడికి ఎక్కడలేని గొంతూ వచ్చింది.

"ఇంకో గరిటె పోయించుకో బావా, మొహమాటపడకు," అన్నాడు. వరస చివరిదాకా వినబడింది.

ఆ ముక్కను ప్రేమదాసు అక్కడితో వదల్లేదు. పెళ్ళిళ్ళలో చెప్పాడు, జ్ఞానస్నానాల్లో చెప్పాడు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు చెప్పాడు. నాలుగేళ్ళ కిందట లూర్దమ్మ పోయినప్పుడు, సమాధిలో పిడికెడు మట్టి వేసి చేతులు దులుపుకుంటూ కూడా పక్కవాడికి చెప్పాడు. "ఆ వరదలో మా బావకి రెండు గరిటెలు పోసా."

జ్ఞానయ్య విన్నాడు. ఆ రోజు నుంచి అతనికి బతుకులో ఒకటే కోరిక మిగిలింది. ఇంకోసారి ప్రేమదాసు ముందు పళ్ళెం పట్టకూడదు.

ఆ వరద వచ్చిన ఆరో ఏడు జూలైలో ఒక సోమవారం పొద్దున చద్దన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, ఈసారి మునేరు వచ్చే లోపు తన ఏర్పాట్లు తను చేసుకోవాలని నిర్ణయించుకున్నాడు. ఎవరికీ చెప్పకూడదని కూడా అప్పుడే నిర్ణయించుకున్నాడు. చెప్తే, వరద రాకముందే ఊరు వచ్చి కూచుంటుంది.

నందిగామ నాలుగు మైళ్ళు. అక్కడ కొంటే సాయంత్రానికి ప్రేమదాసుకు తెలుస్తుంది. అందుకని బస్సెక్కి చిల్లకల్లులో దిగి, జట్కా మాట్లాడుకుని జగ్గయ్యపేట వెళ్ళాడు. మంచినీళ్ళు నిలవ ఉంచుకోవడానికి పెద్ద ఇత్తడి గుండిగ కొన్నాడు. గాలికి ఆరిపోని పెట్రోమాక్స్ లైటు కొన్నాడు. నానబెట్టుకు తినడానికి బస్తా అటుకులు, బెల్లం దిమ్మలు కొన్నాడు. బండి కట్టించుకుని తిరిగి వస్తుంటే చిల్లకల్లు దగ్గర పక్కింటి ఆరోగ్యమ్మ ఎదురైంది. కూతురింటికి వెళ్ళి వస్తోంది. ఊరిదాకా బండెక్కి, దారి పొడుగునా సామాన్లకేసి చూసింది.

"ఏం జ్ఞానయ్యా, గుండిగ పెద్దదే."

"అవును."

"నీ ఒక్కడికీ ఇంత గుండిగ ఎందుకయ్యా?"

"అవసరం ఉంది."

ఆరోగ్యమ్మ ఇంక అడగలేదు. అంత గుండిగ పెళ్ళి వంటకేనని ఆమెకు తోచింది, అడగకపోవడానికీ అదే కారణం. భార్య పోయినవాడు మళ్ళీ పెళ్ళి మాట ఎత్తితే తనంతట తనే ఎత్తాలి, మధ్యలో ఎవరైనా నోరు తెరిచి అడిగితే కుదిరిన సంబంధం చెడిపోతుందని ఆ పక్క ఊళ్ళలో గట్టి పట్టింపు. ఒకసారి ఆరోగ్యమ్మ మేనమామ సంబంధం అలాగే చెడింది. అడిగింది ఆరోగ్యమ్మే. అందుకని ఈసారి నోరు కట్టుకుంది. జ్ఞానయ్య దగ్గర మాత్రమే కట్టుకుంది.

మర్నాటి నుంచి జ్ఞానయ్య దొడ్లోకి బండ్లతో గరప మట్టి తోలించి నేల నడుమెత్తు లేపించాడు. దాని మీద ఎనిమిది నిట్రాళ్ళు పాతి, వెదుళ్ళు కట్టి, తాటాకు కప్పి పందిరి వేసి, దాని కింద ఒక పక్కన గింజలూ విత్తనాలూ పెట్టుకోవడానికి మంచె కట్టాడు. తాటాకు మీద లారీల వాళ్ళ పాత టార్పాలిన్ ఒకటి కంచికచర్ల నుంచి తెప్పించి పరిచాడు. ఏడాది తిండికి ఉంచుకున్న అయిదు బస్తాల బియ్యమూ మంచె ఎక్కించాడు. లూర్దమ్మ ట్రంకుపెట్టె కూడా పైకెక్కించబోతూ, చెమ్మ పట్టిందేమోనని తీసి చూసి, ఆమె పెళ్ళి చీర దండెం మీద ఎండేశాడు.

ఊరికి ఆ చీర చాలు.

పెళ్ళికూతురు ఎవరన్నదే మిగిలింది. అది కూడా జ్ఞానయ్యే తేల్చిపెట్టాడు. పాత వరద ఎంత ఎత్తు వచ్చిందో బడి పునాది గోడ మీద గీత ఉంది. ఆ గీతను తాడుతో కొలుచుకోవడానికి వెళ్ళి, బడి పంతులమ్మ జయమణితో అరగంట మాట్లాడాడు. జయమణిది వీరులపాడు. నలభై దాటాయి, పెళ్ళి కాలేదు, కళ్ళజోడు ఉంది. లూర్దమ్మ పోయాక జ్ఞానయ్య ఒక ఆడమనిషితో అరగంట మాట్లాడటం అదే మొదలు. కొలతలు కూడా తీసుకున్నాడని పిల్లలు ఇళ్ళల్లో చెప్పారు.

ఫాదరుగారు రాని రోజుల్లో గుడి చూసుకునే ఉపదేశి బాలస్వామికి వేరే బెంగ పట్టుకుంది. పెళ్ళంటే ముందు మూడు ఆదివారాలు గుళ్ళో ఇద్దరి పేర్లూ చదివి వినిపించాలి. ఫాదరుగారు అడిగితే తను ఏం చెప్పాలి? సూటిగా అడగడానికి పట్టింపు అడ్డం. చివరికి ఒక సాయంత్రం వచ్చి, కాసేపు అరుగు మీద కూచుని, దొడ్లోకి వచ్చి పందిరి నిట్రాడు ఒకటి తట్టి చూశాడు.

"గట్టిగానే వేయించావు జ్ఞానయ్యా."

"గట్టిగా లేకపోతే నిలవదు."

"ఎప్పుడనుకుంటున్నావు? దేవమాత పండగలోపేనా?"

"పండగలోపే రావచ్చు. నా చేతుల్లో ఏముంది."

"మరి ఊళ్ళో ఒక మాట..."

"ఊళ్ళో ఎందుకండి? చెప్తే అందరూ వచ్చి కూచుంటారు. నా ఒక్కడికి సరిపోయేట్టు చేసుకున్నా."

ఒక్కడికి సరిపోయేట్టు పెళ్ళి భోజనం చేసుకునే మనిషిని ఉపదేశి అంతవరకు చూడలేదు. అయినా జ్ఞానయ్యను ముప్పయ్యేళ్ళుగా ఎరుగును గనక నమ్మాడు. ఫాదరుగారికి చెప్పడానికి మర్నాడు నందిగామ వెళ్ళాడు. ఫాదరుగారు లేరు. తాలూకా ఆఫీసు ముందు ప్రేమదాసు ఉన్నాడు.

ఆ సంగతి విని ప్రేమదాసు కుర్చీలో కూలబడ్డాడు. అది తహసీల్దారుగారి కోసం వరండాలో వేసిన కుర్చీ అని గుర్తొచ్చి తరవాత లేచాడు.

"మాకు చెప్పకుండానా? మొదటి పెళ్ళాం పుట్టింటివాళ్ళు చీర పెట్టి, వచ్చినామెని మా ఆడపడుచే అనుకుంటేగా ఆ కాపురం నిలిచేది. ఇది ఇయ్యాల్టి ఆనవాయితీనా?"

"ఎవరికీ చెప్పదల్చుకోలేదట ప్రేమదాసూ. మొహమాటం మనిషి."

"నాకు తెలవదా మా బావ మొహమాటం. ఆ వరదలో రెండు గరిటెలు..."

ఉపదేశి ఆ కథ పదకొండోసారి విన్నాడు. అంతా విన్నాక, చీర పెట్టడానికి ఆదివారం మంచి రోజని తనే చెప్పాడు.

శనివారం సన్నగా వాన పడుతుంటే జయమణి గొడుగు వేసుకుని జ్ఞానయ్య ఇంటికి వచ్చింది. ఆమెకు పట్టింపులు లేవు. ఉన్నా, ఆ పూట వాటికి తీరిక లేదు.

"జ్ఞానయ్యగారూ, మీరు నన్ను పెళ్ళి చేసుకుంటున్నారట."

జ్ఞానయ్య తాడు ముడివేస్తున్నవాడు ఆగిపోయాడు. "ఎవరన్నారు?"

"మూడో తరగతి."

"నేనన్లేదు."

"నేనూ అన్లేదు. మరి ఈ పందిరెందుకండి?"

"మునేటికి."

జయమణి కళ్ళజోడు తీసి తుడుచుకుని పందిరి చూసింది, గుండిగ చూసింది, దొడ్లో మెరక చూసింది. పంతులమ్మ గనక ఒక్కసారికే అర్థం చేసుకుంది. "ఈ మాట మొదటే చెప్తే పోయేది గదండీ."

"చెప్తే వచ్చి కూచుంటారు."

"చెప్పలేదు గనక రావట్లేదా? రేపు పొద్దున మీ బావమరిది నలభై మందిని వేసుకుని నందిగామ నించి వస్తున్నాడు. చీర తెస్తున్నాడట. నాకే."

జ్ఞానయ్య తాడు కింద పెట్టేశాడు. ప్రేమదాసు నలభై మందితో వచ్చి ఈ గుండిగ చూస్తే, వరదకు భయపడి బావ చేసుకున్న ఏర్పాట్లు కూడా ఆ కథలో చేరతాయి. గరిటె కథకు గుండిగ కథ తోడవుతుంది.

రాత్రంతా వాన కొట్టింది. ఖమ్మం వైపు ఇంకా గట్టిగా కొట్టిందని మునేటి రంగు చూస్తేనే తెలుస్తోంది. నందిగామ దారి ఊరి బయట ఒక వాగు దాటి వస్తుంది. తెల్లారేసరికి జ్ఞానయ్య వాగు ఇవతల గట్టు మీద నిలబడ్డాడు. అవతల నాలుగు ఎద్దుబళ్ళు కనిపించాయి. ముందు బండిలో ప్రేమదాసు, తెల్ల చొక్కా, మెళ్ళో కండువా. వెనక బండిలో కంచికచర్ల బ్యాండువాళ్ళు నలుగురు.

జ్ఞానయ్య తుండు తీసి తలమీద తిప్పుతూ అరిచాడు. "వెనక్కి పోండి. వాగు వస్తంది."

వాగు హోరులో అవతలివాళ్ళకు మాట వినబడలేదు. తుండు కనబడింది. ప్రేమదాసు బండి మీద లేచి నిలబడ్డాడు. వాడి మొహం విప్పారింది.

"చూసారా మా బావని. చెప్పలేదన్నారు. ఊరి పొలిమేరదాకా ఎదురుకోలుకి వచ్చాడు. కానివ్వండయ్యా."

బ్యాండు ఎత్తుకుంది. బళ్ళు వాగులో దిగాయి. జ్ఞానయ్య ఎంత గట్టిగా తుండు ఊపితే వాళ్ళు అంత గట్టిగా వాయించారు. నాలుగో బండి గట్టెక్కిన పావుగంటకు వాగు రెండు గట్లూ ఒరుసుకుంది. నలభై నలుగురు మనుషులు, ఎనిమిది ఎడ్లు, ఒక క్లారినెట్టు ఇవతల పడ్డాయి.

"బావా," అంటూ ప్రేమదాసు వచ్చి కావిలించుకున్నాడు. "ఎంత పని చేసావు బావా."

జ్ఞానయ్య కూడా అదే అడగాలనుకున్నాడు.

బ్యాండు చప్పుడుకు ఊరు కదిలింది. మునేటి ఒడ్డు పల్లపు గూడెంలో వాళ్ళు జ్ఞానయ్య పెళ్ళి చూడటానికి పిల్లల్ని చంకనేసుకుని, ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. ముసలివాళ్ళను కూడా చేయి పట్టుకుని తీసుకొచ్చారు. ఇన్నాళ్ళూ ఎవర్నీ గడప తొక్కనివ్వని మనిషి పెళ్ళంటే చూడకుండా ఎవరుంటారు? అందరూ మెరక ఎక్కి పందిరి కింద సర్దుకుని, పెళ్ళికూతురు ఏదని చూస్తుండగా మునేరు గూడెంలోకి వచ్చింది. బడి వైపు దారి అప్పటికే తెగింది. నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే తమ ఇళ్ళు ఒక్కొక్కటీ కూచోవడం చూశారు. మట్టిగోడలు పెద్దగా చప్పుడు చెయ్యవు. బ్యాండు ఆగిపోయింది.

మనుషులు లెక్కకు అందరూ ఉన్నారు. ఒక్కరు కూడా ఇంట్లో లేరు. ఆరోగ్యమ్మ ఇల్లు ముందే పోయింది. ఆమె కట్టుబట్టతో తడిసి వణుకుతుంటే ప్రేమదాసు పెళ్ళాం పెళ్ళికూతురి కోసం తెచ్చిన నిమ్మపండు రంగు చీర తీసి చుట్టబెట్టింది. అరవై ఏళ్ళ ఆరోగ్యమ్మ ఆ చీరలో ముడుచుకుని కూచుని, "నేను నోరెత్తి అడిగానా? అడగలేదు గదా," అని అందరికీ చెప్పుకుంది.

నీళ్ళు జ్ఞానయ్య మెరక అంచు దాకా వచ్చి ఆగాయి. కొలత సరిపోయింది. అయితే మెరక చేసింది దొడ్డి మాత్రమే. ఇంటి నేల పాత పల్లంలోనే ఉండటం వల్ల ఇల్లు నిండింది. జ్ఞానయ్య ఆ సంగతి అప్పుడే గమనించాడు.

నూటముప్పై మంది ఉన్నారు. మంచె మీద అయిదు బస్తాల బియ్యం ఉన్నాయి. అందరూ ఆ మంచెకేసి చూడటం లేదు. చూడకుండా ఉండటానికి కష్టపడుతున్నారు. ఒక పసిపిల్ల ఏడుపు మొదలెట్టింది. జ్ఞానయ్య కాసేపు ఆ పిల్లకేసి చూశాడు, కాసేపు బస్తాలకేసి చూశాడు. తరవాత మంచె ఎక్కి మొదటి బస్తా కిందికి దొర్లించాడు.

"ఎవరికీ చెప్పొద్దనుకున్నా," అన్నాడు. ఆ పూట అతను చేసిన ప్రసంగం అంతే.

దారి తెగే ముందు చివరగా వచ్చి చేరిన జయమణి చాక్‌పీసు లేకుండానే వరసలు కట్టించింది. పిల్లలు ఒక వరస, ముసలివాళ్ళు ఒక వరస, పెళ్ళివారు చివర. గుండిగలో గంజి కాగగానే ప్రేమదాసు అలవాటుగా చొక్కా చేతులు మడిచి గరిటె కోసం చెయ్యి చాచాడు.

"మీరు కూచోండి," అంది జయమణి. "ఎవరి బియ్యమో వాళ్ళే పొయ్యాలి. లేకపోతే పేచీలొస్తాయి." గరిటె తెచ్చి జ్ఞానయ్య చేతిలో పెట్టింది.

జ్ఞానయ్య గరిటెకేసి చూశాడు. తను పళ్ళెం పట్టకుండా ఉంటే చాలునని నాలుగేళ్ళు కోరుకున్నాడు గాని, ప్రేమదాసే తన ముందు పళ్ళెం పట్టాలని ఎన్నడూ కోరుకోలేదు. అంత దురాశ అతనికి లేదు. అది దానంతట అదే వరసలో నడిచి వస్తోంది. ముందు ఇరవై మంది ఉన్నారు. ఒక్కొక్కరికీ పోస్తూ లోలోపల ఆ మాట ఒకసారి అనుకుని చూసుకున్నాడు. పది మంది ఉన్నారు. ముగ్గురున్నారు.

ప్రేమదాసు వచ్చాడు. తెల్ల చొక్కా బురదలో నానిపోయింది. రెండు చేతులతో బాదం ఆకుల విస్తరి పట్టుకున్నాడు. జ్ఞానయ్య ఒక గరిటె పోశాడు. గొంతు సవరించుకున్నాడు. పందిరి చివరిదాకా వినబడేట్టు, ఒక్కొక్క మాటే పలికాడు.

"ఇంకో గరిటె పోయించుకో ప్రేమదాసూ, మొహమాటపడకు."

ఆ కథ తెలియనివాళ్ళు అక్కడ లేరు. ప్రేమదాసు విస్తరికేసి చూశాడు. తల వంచుకున్నాడు. జ్ఞానయ్యకు నాలుగేళ్ళ తరవాత మొదటిసారి ఛాతీలో కాస్త చోటు దొరికినట్టయింది.

ప్రేమదాసు తలెత్తాడు. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"విన్నారా?" అన్నాడు వెనక్కి తిరిగి, అందరితో. "నేనన్న మాట. ఆరేళ్ళు అక్షరం పోకుండా దాచుకున్నాడు మా బావ. నేను బంట్రోతుని గదయ్యా. నా జన్మకి నేను ఒకళ్ళకి పెట్టింది ఆ ఒక్క రోజే. అదీ మా అక్కకీ బావకీ. ఆ భాగ్యం ఎంతమందికి చెప్పుకున్నా తీరలేదు నాకు. మీకు విసుగొచ్చిందేమో గాని, చూడండి, మా బావకి రాలేదు." మళ్ళీ ఇటు తిరిగి విస్తరి చాచాడు. "పొయ్యి బావా. మూడోది కూడా పొయ్యి."

జ్ఞానయ్య మూడోది కూడా పోశాడు. ఇంకేం చేస్తాడు?

బియ్యం నాలుగు రోజులు వచ్చాయి. అటుకులు అయిదో రోజుకు వచ్చాయి. నీళ్ళు తీశాక ప్రేమదాసు తెచ్చిన పెళ్ళివారు నలభై మందీ కండువాలు తలకు చుట్టుకుని జ్ఞానయ్య ఇంట్లోంచీ గూడెంలోంచీ బురద ఎత్తిపోశారు. పందిరి నిట్రాళ్ళు ఆరోగ్యమ్మ ఇంటికి వెళ్ళాయి. తాటాకు ఇంకో మూడిళ్ళకు వెళ్ళింది. టార్పాలిన్ కింద రెండు కుటుంబాలు దసరా దాకా ఉన్నాయి. పెట్రోమాక్స్ వెలుతుర్లో రాత్రిపూట గోడలు పెట్టారు. మంచె మీద మిగిలిన విత్తనాలు ఊళ్ళో తలాకాస్త చల్లుకున్నారు. దొడ్లో ఉత్త మెరక మిగిలింది.

జ్ఞానయ్యకు తినడానికి గింజ లేదు. దానికి ఊరు అతన్ని అడక్కుండానే ఏర్పాటు చేసింది. పంట చేతికొచ్చేదాకా రోజుకో ఇంటి నుంచి అన్నం వచ్చింది. జయమణి వంతులు రాసి బడి తలుపుకు అంటించింది. గురువారం ఆరోగ్యమ్మది. వద్దని తలుపేసుకుంటే అరుగు మీద పెట్టి, బయటి నుంచి ఒకటే మాట అనేవాళ్ళు. ఆరేళ్ళు ఒక్కడి నోట విన్న మాట ఇప్పుడు ప్రతి ఇల్లూ అంటోంది.

"మొహమాటపడకు జ్ఞానయ్యా."

ఆదివారాల వంతు ప్రేమదాసుది. నాలుగు మైళ్ళు సైకిల్ మీద క్యారేజీ తెచ్చేవాడు. అతను కథ మానలేదు. వెనకటి రెండు గరిటెలకు ఇప్పటి మూడు గరిటెలు కలిశాయి. పూర్వం బస్సు వచ్చేలోపు అయిపోయే కథ, ఇప్పుడు బస్సెక్కి కంచికచర్లలో దిగేదాకా సాగుతోంది. ఆరోగ్యమ్మ మాత్రం వరద అడ్డం రాకపోతే ఆ పెళ్ళి జరిగేదేనంటుంది. ఉపదేశి గుళ్ళో ప్రసంగం చెప్తూ, చేసిన సాయం గురించి నోరెత్తని మనిషి మన ఊళ్ళోనే ఉన్నాడని పేరు పెట్టి చెప్పాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. జ్ఞానయ్య లేచి బయటకు వెళ్ళిపోయాడు. అది వినయమన్నారు.

ఇప్పటికీ ఎవరైనా ఆ వరద సంగతి చెప్పమంటే, ఏ వరద అని కూడా అడగడు; అడిగితే రెండూ వినాల్సొస్తుంది.